కరువు సీమలో కుటుంబ ధర్మనిధులు: కర్నూలు, కడప జిల్లాల చరిత్ర నేర్పు పాఠములు

1. ఉపోద్ఘాతము

కర్నూలు, కడప జిల్లాలలో దానధర్మముల చరిత్ర కరువు చరిత్రతో ముడిపడి ఉన్నది. వాన రాని యేట గంజి కాచి పోసిన ఇండ్లు, ఎండాకాలములో బాట ప్రక్కన చలివేంద్రము పెట్టిన కుటుంబములు, తమ వారి పేరిట బడికి గది కట్టించిన పెద్దలు ఈ సీమలో ప్రతి తరములోను ఉన్నారు. ఇవ్వడములో ఈ నేల ఎన్నడును వెనుకబడలేదు.

అయితే మా పరిచర్యలో ఒక విషయము మమ్మును తరచుగా కలవరపెట్టినది. ఇచ్చిన చేయి మూతపడిన తరువాత ఆ ధర్మము ఎన్నాళ్లు నిలిచినది? కొన్ని ధర్మములు దాతతోనే సమాధికి చేరినవి. కొన్ని మాత్రము నూరేండ్లు దాటినను నిలిచి ఉన్నవి. ఈ భేదము దాతల భక్తిలోని భేదమా? అది కాదని మా అభిప్రాయము. దాత హృదయము ఎంత గొప్పదైనను, పత్రము, పద్దు, బాధ్యత వహించు పలువురు మనుష్యులు లేనిచోట ధర్మము నిలువదు. ఈ సంగతిని మన ప్రాంతపు చరిత్ర నుండి చూపి, నేడు చిన్న నిధిని స్థాపింపగోరు కుటుంబములకు కొన్ని సూచనలు ఇచ్చుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

2. కడపలో బ్రౌన్ దొర బడులు

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ సువార్త సేవకుడు. 1817లో మద్రాసుకు వచ్చి తెలుగు నేర్చుకొనిన బ్రౌన్, 1820లో కడప కలెక్టరుకు సహాయకుడుగా వచ్చారు. ఆ ఊరిలో బంగళా కొని, పండితులను, వ్రాయసగాండ్రను పోషించి, తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాయించారు. పేద పిల్లల కొరకు ఉచిత పాఠశాలలను కూడా కడపలో తెరిచారు. తరువాత మచిలీపట్నములోను అట్లే చేశారు.

ఇదంతయు ఎవరి డబ్బు? బ్రౌన్ సొంత జీతము. జీతము చాలనప్పుడు అప్పు. ఆ అప్పుల భారము ఆయనను ఏండ్ల తరబడి వెంటాడినది. ఆ బడులకు వేరుగా మూలధనము లేదు, ధర్మకర్తలు లేరు. ఉద్యోగికి బదిలీ తప్పదు. దొర ఊరు మారినప్పుడు బడి పోషణ కూడా ఆయన జేబు మీదనే, ఆయన ఆరోగ్యము మీదనే ఆధారపడినది. పండితుల పని మాత్రము కొంత భిన్నముగా సాగినది. అయోధ్యాపురం కృష్ణారెడ్డి వంటి నమ్మకస్థుడు పర్యవేక్షణ వహించుట వలన దొర లేని కాలములోను ఆ పని పూర్తిగా ఆగలేదు. బాధ్యత అప్పగింపబడిన చోట పని నిలిచినది. ఈ చిన్న భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలెను.

బ్రౌన్ చేసిన వాటిలో చిరకాలము నిలిచినవి ఏవి? ఆయన ప్రచురించిన వేమన పద్యములు, నిఘంటువులు, సంస్థల గ్రంథాలయములకు అప్పగించిన వ్రాతప్రతులు. ఆయన చేతిలో మాత్రమే ఉన్నవి చెదిరిపోయినవి. ఒక సంస్థకు అప్పగింపబడినవి మిగిలినవి.

3. ఉయ్యాలవాడ అన్నదానము

1866లో కరువు వచ్చినప్పుడు ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి చేసిన అన్నదానము ఈ సీమలో నేటికిని పాటగా, కథగా వినబడుచున్నది. ఆ ఊరు ఆనాడు కర్నూలు జిల్లాలోనిది, 2022 నుండి నంద్యాల జిల్లాలోనిది. తన గాదెలలోని ధాన్యమును తీసి, వేలాది మందికి గంజి పోయించి ప్రాణములు నిలిపిన దాతగా ప్రజలు ఆయనను జ్ఞాపకము చేసికొనుచున్నారు. ఆంగ్ల ప్రభుత్వము విక్టోరియా మహారాణి పేరిట ఆయనకు బంగారు పతకము ఇచ్చి గౌరవించినది.

ఈ దానమును మేము ఏ విధముగాను తక్కువ చేయము. ఆకలితో ఉన్నవాని ముందు నిలిచి ట్రస్టు పత్రము వ్రాయుచు కూర్చుండువాడు దాత కాడు. ఆపద కాలపు దానము ఆ దినముననే చేయవలెను. కాని అట్టి దానమునకు ఒక హద్దు కలదు. అది ఒక మనిషి గాదెకు, ఒక మనిషి ఆయుష్షుకు కట్టుబడి ఉన్నది. పది యేండ్లు గడిచీ గడవకమునుపే మరింత ఘోరమైన కరువు ఈ సీమ మీద విరుచుకొనిపడినది. ఒక కుటుంబము ఎంత ఉదారమైనదైనను ఒక జిల్లా ఆకలిని మోయలేదు.

ఇక్కడ యోసేపు వృత్తాంతము మనకు జ్ఞాపకము రాక మానదు. సమృద్ధి సంవత్సరములలో పంటలో ఐదవ భాగమును వేరుచేసి, పట్టణములలో నిలువచేసి, దానికి అధికారులను నియమించుట అతని ఉపాయము. అనగా దానము కరువులో కాదు, పంట కాలములోనే ఆరంభమైనది. నేటి భాషలో దీనిని మూలధనము అందుము.

4. ధాత కరువు, కమిటీల పద్దులు

1876 నుండి 1878 వరకు సాగిన మహా క్షామమును మన పెద్దలు ధాత కరువు అనిరి. మద్రాసు రాజధానిలో మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో కర్నూలు ఒకటి. 1871 జనాభా లెక్కలతో 1881 లెక్కలను పోల్చి చూచినయెడల కర్నూలు జిల్లా జనసంఖ్య సుమారు నాలుగవ వంతు తగ్గినది. కడప జిల్లా కూడా తీవ్రముగా నష్టపోయినది.

1877 ఆగస్టులో మద్రాసు నుండి వచ్చిన విజ్ఞప్తి మీద లండన్ మేయరు అధ్వర్యమున మాన్షన్ హౌస్ నిధి తెరువబడి, లక్షల పౌండ్లు పోగైనవి. మద్రాసులోని కార్యనిర్వాహక కమిటీకి విలియం డిగ్బీ గౌరవ కార్యదర్శిగా పనిచేసి, ఆ చరిత్రను 1878లో గ్రంథముగా ప్రచురించారు. ఆ నిధి పంపిణీకి జిల్లాలలోను తాలూకాలలోను స్థానిక కమిటీలు ఏర్పడినవి. ప్రభుత్వ సహాయము ప్రాణము నిలుపుటకు కాగా, ఈ నిధి ముఖ్యముగా రైతు మరల నిలదొక్కుకొనుటకు ఉద్దేశింపబడినది: విత్తనములు, ఎడ్లు, కూలిన ఇంటికి కప్పు.

ఈ నిధిలో మనము నేర్చుకొనవలసినది దాని పరిమాణము కాదు, దాని పద్ధతి. ఉద్దేశము ముందుగా నిర్ణయింపబడినది. ఇచ్చువారు, పంచువారు, లెక్క వ్రాయువారు వేరువేరుగా ఉన్నారు. దాత లండనులో ఉన్నను తన రూపాయి ఏమైనదో తెలిసికొనగలిగెను. అపొస్తలుడైన పౌలు యెరూషలేములోని బీదల కొరకు చందా తీసికొనిపోవునప్పుడు తీతుతో కూడ సంఘములు ఏర్పరచిన సహోదరుని పంపుట కూడా ఈ జాగ్రత్తయే. ఆ ద్రవ్యము విషయములో తనపై ఎవరును నింద మోపకుండునట్లు, దేవుని యెదుటనే గాక మనుష్యుల యెదుటను యోగ్యముగా నడువవలెనని ఆయన ఉద్దేశము. పౌలునే నమ్మరాదా అని ఎవరైనను అడుగవచ్చును. పౌలు తన్ను తానే ఆ ప్రశ్నకు గురి కాకుండ చూచుకొన్నారు.

5. కర్నూలులో కోల్స్ కుటుంబపు కానుక

అమెరికన్ బాప్టిస్టు మిషను కర్నూలులో నడిపిన ఉన్నత పాఠశాల కోల్స్ పేరును ధరించినది. మిషనెరీ డబ్ల్యు. ఎ. స్టాంటన్ కర్నూలులో పరిచర్య చేసిన కాలములో, అమెరికాలోని న్యూజెర్సీకి చెందిన వైద్యుడు డాక్టర్ జె. ఆకర్మన్ కోల్స్ తన కుటుంబపు జ్ఞాపకార్థముగా ఈ పాఠశాలకు సహాయము చేశారు. తండ్రి డాక్టర్ అబ్రాహాము కోల్స్ కూడా వైద్యుడు, భక్తి గీతముల అనువాదకుడు. ఆయన 1891లో మరణించారు.

ఈ కానుక మన అంశమునకు మిక్కిలి దగ్గరి ఉదాహరణ. ఒక కుటుంబము, ఒక జ్ఞాపకము, ఒక ఊరు, ఒక పని. కాని ఆ కుటుంబము కర్నూలులో తమ పేర ఒక సంస్థను తెరువలేదు. అప్పటికే పాలకవర్గము, ఖజానా, వార్షిక నివేదికలు కలిగిన మిషను ద్వారా ఇచ్చినది. స్థలము, భవనము ఒక మనిషి ఆస్తిగా కాక సంఘపు ఆస్తిగా నమోదైనవి. దాత సముద్రమునకు ఆవల ఉన్నను, ఆయన తరము గతించినను, బడి గంట మ్రోగుచునే వచ్చినది. దాత పేరు తలుపు మీద ఉన్నది, తాళపుచెవి మాత్రము సంస్థ చేతిలో ఉన్నది.

సంస్థకు ఇచ్చినంత మాత్రమున అంతయు క్షేమమని మేము చెప్పము. మన సంఘముల ఆస్తులు ఎన్ని చోట్ల వ్యాజ్యములలో నలుగుచున్నవో ఈ పత్రిక పాఠకులకు తెలియనిది కాదు. సంస్థలోను పద్దు చూచువాడు, ప్రశ్న అడుగువాడు ఉండవలెను. అయినను ప్రశ్న అడుగుటకు ఒక స్థానము అక్కడ ఉన్నది. ఒంటరి దాత ఇంటిలో ఆ స్థానము లేదు.

6. చట్టము చేతికిచ్చిన పనిముట్లు

1817 నాటి మద్రాసు 7వ రెగ్యులేషను సత్రములు, ధర్మాదాయములు దుర్వినియోగము కాకుండ చూచు భారమును రెవెన్యూ బోర్డు మీద పెట్టినది. 1860లో సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టము వచ్చినది. 1882 నాటి ఇండియన్ ట్రస్టుల చట్టము ప్రైవేటు ట్రస్టులకు మాత్రమే వర్తించును. ప్రజోపయోగ ధర్మ ట్రస్టులు వాటి పత్రము మీదను, న్యాయస్థానములు స్థిరపరచిన సూత్రముల మీదను నడచుచున్నవి. ధర్మకర్త దారి తప్పినప్పుడు ప్రజలు న్యాయస్థానమునకు పోవుటకు 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షను దారి చూపుచున్నది.

కుటుంబమునకును ధర్మమునకును నడుమ గీత ఎక్కడ గీయవలెనన్న ప్రశ్న అన్ని మతములవారికిని వచ్చినది. తన సంతతి పోషణ కొరకు ఏర్పరచి, బీదలకు దూరపు వాటా మాత్రమే ఉంచిన వక్ఫు చెల్లదని 1894లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పగా, 1913లో ప్రత్యేక చట్టము చేసి కుటుంబ వక్ఫులను చెల్లుబాటు చేయవలసి వచ్చినది. హిందూ ధర్మాదాయముల విషయములో, చల్లా కొండయ్య కమిషన్ నివేదిక తరువాత వచ్చిన ఆంధ్రప్రదేశ్ 1987వ సంవత్సరపు 30వ చట్టము వంశపారంపర్య ధర్మకర్తృత్వమును రద్దుచేసినది. 1996లో సుప్రీం కోర్టు ఆ రద్దును సమర్థించుచునే, స్థాపకుని కుటుంబమునకు పాలకవర్గములో గౌరవ స్థానమును గుర్తించినది. దీనిలోని భావము మన అందరికిని పనికివచ్చును. స్థాపకుని కుటుంబమునకు కుర్చీ ఉండవచ్చును గాని, అది సింహాసనము కాదు.

ఆదాయపు పన్ను చట్టములోను ఇదే గీత కలదు. 1961 నాటి చట్టము ప్రకారము ధర్మసంస్థ నమోదు పొంది, తన ఆదాయములో కనీసము 85 శాతము ఉద్దేశించిన పనికి వినియోగింపవలెను. నిధి లాభము స్థాపకునికి గాని అతని బంధువులకు గాని చేరినయెడల మినహాయింపునకే ముప్పు. 1961 చట్టము స్థానములో 2026 ఏప్రిల్ 1 నుండి అమలు కొరకు 2025లో కొత్త చట్టము చేయబడినది. సెక్షను నంబర్లు మారినవి కనుక పాత కాగితములు చూచి దరఖాస్తు చేయరాదు, ఆడిటరును అడిగి చేయవలెను.

7. మేము చూచిన ఒక సంగతి

చాలా ఏండ్ల క్రిందట కడప జిల్లాలోని ఒక మెట్ట గ్రామములో మేము కాపరిగా ఉన్నాము. ఆ సంఘములో ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుడు ఒకరు ఉండిరి. ఒక కుమారుడు కువైటులో, మరియొకరు హైదరాబాదులో ఉద్యోగము చేయుచుండిరి. గతించిన తల్లి జ్ఞాపకార్థము వారు పంపు సొమ్ముతో తండ్రి ప్రతి సంవత్సరము కొందరు పేద విద్యార్థుల ఫీజులు కట్టుచు, వేసవిలో బోరు ఎండిన వాడకు నీళ్ల ట్యాంకరు తెప్పించుచుండెను. లెక్క అంతయు ఒక నోటుబుక్కులో ఉండెను. పైసా తేడా లేదు. సొమ్ము మాత్రము ఆయన సొంత సేవింగ్స్ ఖాతాలో ఉండెను.

దీనికి ఒక పత్రము వ్రాసిపెట్టుడని మేము ఒకసారి అన్నాము. "నేనుండంగ కాయితమెందుకు అయ్యగారూ, నా తర్వాత పిల్లోళ్లు చూసుకుంటార్లే" అని ఆయన నవ్విరి. మేమును నవ్వి ఊరకుంటిమి. అది మా తప్పు.

ఆయన ఒక జూన్ నెలలో హఠాత్తుగా మరణించారు. నామినీ లేనందున ఖాతాలోని సొమ్ము వారసుల అంగీకార పత్రములు వచ్చువరకు ఆగినది. అందులో ధర్మము సొమ్ము ఎంత, తండ్రి పింఛను సొమ్ము ఎంత అన్న మాట వద్ద అన్నదమ్ములకు మనస్పర్థ వచ్చినది. ఇద్దరిలో ఎవరును దుర్మార్గులు కారు. నోటుబుక్కు ఉన్నది గాని, అది ఎవరిని కట్టిపడవేయు పత్రము కాదు. ఆ సంవత్సరము ఫీజులు కట్టు సమయము దాటిపోయినది. నర్సింగులో చేరిన ఒక బాలిక రెండవ సంవత్సరపు ఫీజు లేక ఇంటికి వచ్చి, వేరుశనగ కాయలు ఒలుచు కూలికి పోయినది. సంఘము చందా వేసికొని మరుసటి సంవత్సరము ఆమెను తిరిగి పంపినది గాని, ఆమె పోగొట్టుకొన్న సంవత్సరమును ఎవరును తిరిగి ఇయ్యలేకపోయిరి. ఈ వ్యాసము వ్రాయుటకు మమ్మును పురికొల్పినది ఆ బాలిక ముఖమే.

8. చిన్న కుటుంబములకు సూచనలు

మొదటిది, ఉద్దేశమును ఒక పేజీలో వ్రాయవలెను. ఎవరికి, ఏ ప్రాంతములో, ఏ పనికి? ఏ పనికి ఈ సొమ్ము వాడరాదు? "బీదల సహాయము" అని మాత్రము వ్రాసినచో ప్రతి అడుగువానితోను చిక్కే.

రెండవది, తగిన రూపమును ఎంచుకొనవలెను. ట్రస్టు అయినచో పత్రము వ్రాయించి సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో రిజిస్టరు చేయించవలెను. సొసైటీ అయినచో మన రాష్ట్రపు 2001 చట్టము ప్రకారము కనీసము ఏడుగురు సభ్యులు కావలెను. సొమ్ము స్వల్పమైనచో కొత్త సంస్థ పెట్టవలసిన పని లేదు. నమ్మదగిన పాఠశాలలోనో, ఆసుపత్రిలోనో, సంఘములోనో షరతులు వ్రాసి, కుటుంబము పేరిట ప్రత్యేక నిధిగా ఇయ్యవచ్చును. ఆడిటు, నమోదు ఖర్చులు చిన్న నిధిని తినివేయకుండ ఇది కాపాడును. కోల్స్ కుటుంబపు మార్గము ఇదే.

మూడవది, ధర్మకర్తలలో రక్తసంబంధులు కానివారు కనీసము ఇద్దరు ఉండవలెను. ఇంటి ఆడపడుచును, కోడలిని మరువరాదు. అవసరము ఏ ఇంటిలో ఉన్నదో వారికే ముందు తెలియును. ఆది సంఘములో విధవరాండ్ర పరిచర్యపై సణుగుడు వచ్చినప్పుడు అపొస్తలులు ఏడుగురిని ఏర్పరచిన సంగతిని ధ్యానింపవలెను. ఫిర్యాదును వారు అణచలేదు, దానికి తగిన ఏర్పాటు చేసిరి.

నాలుగవది, నిధి పేరిట వేరు పాన్ నంబరు, వేరు బ్యాంకు ఖాతా, చెక్కు మీద ఇద్దరి సంతకములు. మా ఉపాధ్యాయుని నోటుబుక్కుకు లోపించినది ఇదే.

ఐదవది, మూలధనమును, ఖర్చు సొమ్మును వేరుపరచవలెను. అసలును కదలింపక వడ్డీతో నడచునట్లు చూచి, కరువు సంవత్సరమునకు కొంత నిలువ ఉంచవలెను. మన జిల్లాలలో కరువు వచ్చునా రాదా అన్నది ప్రశ్న కాదు, ఏ యేట వచ్చును అన్నదే ప్రశ్న.

ఆరవది, ప్రతి సమావేశమునకు తీర్మానముల పుస్తకము, ప్రతి రూపాయికి రశీదు. సంవత్సరమునకు ఒకసారి లెక్కను సంఘములోనో, రచ్చబండ వద్దనో బిగ్గరగా చదివి వినిపించవలెను. అయితే సహాయము పొందిన పిల్లల పేర్లు చదువరాదు. లెక్క బహిరంగము కావలెను, బీదవాని అవసరము కాదు.

ఏడవది, విదేశములలోని బిడ్డల సొమ్ము విషయములో జాగ్రత్త అవసరము. కువైటులో పనిచేయుచు భారత పౌరుడుగానే ఉన్నవాడు తన సంపాదన నుండి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళము కాదు. అమెరికా పౌరసత్వము పుచ్చుకొనిన కుమారుడు ట్రస్టుకు పంపినది మాత్రము విదేశీ విరాళమే. దానికి 2010 నాటి ఎఫ్.సి.ఆర్.ఎ. చట్టము క్రింద నమోదు గాని ముందస్తు అనుమతి గాని ఉండవలెను. 2020 సవరణ తరువాత ఆ సొమ్ము మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ప్రత్యేక ఖాతాకు చేరవలెను. కన్నకొడుకు పంపినదే కదా అనుట చట్టము ముందు చెల్లదు.

ఎనిమిదవది, వారసత్వము. ఒక ధర్మకర్త మరణించినచో ఆ స్థానములోనికి ఎవరు వత్తురు? పని ముగిసినచో మిగిలిన సొమ్ము ఏ ధర్మసంస్థకు పోవును? ఈ రెండు ప్రశ్నలకు జవాబు పత్రములో లేనిచో ఆ పత్రము సగమే.

9. ముగింపు

ఆరంభములో చెప్పిన బ్రౌన్ బంగళా సంగతి అక్కడితో ముగియలేదు. కడపలో ఆ భవనము శిథిలమై మొండి గోడలు మిగిలినవి. 20వ శతాబ్దపు చివరి దశకములలో జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు, ఆయనతో కూడ కడప సాహిత్యాభిమానులు పూనుకొని ఒక కమిటీగా ఏర్పడి, విరాళములు సేకరించి, ఆ స్థలములోనే సి. పి. బ్రౌన్ పేరిట గ్రంథాలయమును కట్టించారు. 2006లో స్థాపింపబడిన యోగి వేమన విశ్వవిద్యాలయమునకు తరువాత దానిని అప్పగించారు. శాస్త్రిగారు 2014లో కన్నుమూశారు. గ్రంథాలయము మూతపడలేదు. తన సొంత జీతముతో బ్రౌన్ నిలుపలేకపోయినదానిని, ఆయన పేరిట ఇతరులు కమిటీ కట్టి నిలిపిరి. సమయము వచ్చినప్పుడు తమ చేతులలో నుండి విడిచిపెట్టుటకు కూడా వారు సిద్ధపడిరి. ఒకే స్థలములో ఈ రెండు పాఠములును మన కండ్ల ముందు ఉన్నవి.

ధర్మము చేయుడని ఈ సీమవారికి మేము బోధింపనక్కరలేదు. మా తోటి కాపరులకు మాత్రము ఒక మనవి. మీ సంఘములోని పెద్దాయన ఒకరు నోటుబుక్కు చూపి నవ్వినప్పుడు, మీరు మావలె నవ్వి ఊరకుండకుడి. ఆయనతో కూడ సబ్ రిజిస్ట్రారు కార్యాలయము వరకు నడువుడి. ఫీజు కొరకు ఎదురుచూచు బిడ్డ పక్షముగా మనము చేయగల పరిచర్యలలో అదియు ఒకటి.